జంట దెయ్యాలు

1931లో విడివిడిగా వచ్చిన ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టయిన్’లను 1938లో అమెరికా హాళ్లలో ఒకే టికెట్టుకి జతగా వేస్తే జనం ఎగబడ్డారు. ఆ కిటుకే తర్వాత ఇళ్లలోకీ వచ్చింది. కానీ వీసీడీల కాలంలో మన నరసన్నపేటలో జత మాట దేవుడెరుగు, ఒక్క సినిమాకే రెండు డిస్కులు! ఒక్కోదాంట్లో డెబ్బై ఎనభై నిమిషాలే పట్టేది మరి. దెయ్యం జుట్టు విరబోసుకునే వేళకి లేచి డిస్కు మార్చాలి. డీవీడీ వచ్చాక ఒకదాంట్లోనే మూడేసి సినిమాలు ఇరికించారు, భయానికీ కామెడీకీ పొత్తు కుదురుతుందో లేదో చూడకుండానే.

నన్నడిగితే రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996) అసలైన జత. రెండోదాంట్లో శ్మశానం పక్కన ఇల్లు కావాల్సి వచ్చింది. మొదటిదానికి రేవతి చూపు చాలింది. అందుకే చూసేవాళ్లు ‘దెయ్యం’ ముందు పెట్టుకోండి. ‘రాత్రి’ తర్వాతైతే అది తేలిపోతుంది.