నడినెత్తి ఇటుక

నాన్న ఇర్వింగ్ వచ్చి నెల దాటింది. గుళ్ళూ షాపింగులూ అయిపోయాయి. తిరుగు ప్రయాణం ఇంకో పది రోజులుందనగా, ఒక శనివారం ఫోర్ట్ వర్త్‌లోని కింబెల్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ ఎప్పుడూ ఉండే బొమ్మలకి టికెట్ లేదు, అదీ ఒక కారణం.

నాన్న బొమ్మలు చూడలేదు. తలెత్తి కప్పు చూస్తూ నిలబడిపోయాడు.

ఆయన తాపీ మేస్త్రి. కాలవల మీద తూములకి ఇటుకలతో ఆర్చీలు కట్టినవాడు. రెండు పక్కల నుంచీ పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి ఇటుక బిగించాకే కింద సెంట్రింగు తీయాలని నా చిన్నప్పుడే చెప్పాడు. ఇక్కడ సరిగ్గా ఆ చోటే ఖాళీ. కప్పు పొడవునా చీలిక, అందులోంచి దిగే ఎండ.

"నడినెత్తి తెరిచేశారు. ఎట్టా నిలబడిందిరా?"

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను, ఆయన కట్టిన ఫీజుతో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకాలు మళ్ళీ తెరవలేదు. "కాంక్రీటు కదా నాన్నా" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అడగకపోవడమే గుచ్చుకుంది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1972లో తెరిచిన ఈ భవనం లూయీ కాన్ డిజైన్. అహ్మదాబాద్ ఐఐఎం డిజైన్ కూడా ఆయనదే. లెక్కలు చూసిన ఇంజనీరు ఆగస్ట్ కొమెండాంట్. కప్పు చూడ్డానికి ఆర్చి, పనిచేసేది దూలంలా. మామూలు ఆర్చి బరువుని పక్కలకి నెడుతుంది. ఇది పొడుగునా 100 అడుగులు మోసుకెళ్ళి మూలల్లో ఉన్న నాలుగు స్తంభాలకి అప్పజెబుతుంది. కాంక్రీటు లోపల బిగించి లాగిన ఉక్కు తీగలున్నాయి. చీలిక రెండు అంచుల్నీ అక్కడక్కడా అడ్డ దిమ్మెలు కలిపి ఉంచుతాయి. అందుకే నడినెత్తి ఖాళీగా ఉన్నా పడదు. ఇక ఆ వంపంటారా, బండి చక్రం దొర్లుతుంటే దాని అంచు మీది చుక్క గాలిలో గీసే గీత.

పొద్దున్నే కాఫీ తాగుతూ కాగితం మీద గీసి చూపించాను. నాన్న చాలాసేపు చూశాడు. చక్రం దగ్గర నవ్వాడు. తర్వాత పెన్ను నా చేతిలోంచి తీసుకుని, రెండు కప్పుల మధ్య సందులో ఒక చుక్క పెట్టాడు.

"వాన నీళ్ళు ఇక్కడ చేరతాయి. ఎటు పోతాయి?"

"తెలీదు నాన్నా" అన్నాను ఈసారి.

వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. వాన పడితే బాగుండు.