గోదావరి యావలి యడవికి ప్రయాణసన్నాహము

మన పురాణకథలందు స్త్రీ యడవికి పోయినచో తఱచుగా దుఃఖము వలననే పోయినది. సీతాదేవి భర్త వెంట నరిగి యపహరింపబడెను. దమయంతి నిద్రించుచుండగా నడవి నడుమ విడువబడెను. ద్రౌపది జూదమున నోడిన భర్తల వెంబడి పండ్రెండేండ్లు వనవాసము చేసెను. గర్భవతియై మునివాటికలు చూడ ముచ్చటపడిన సీత కోరికయే తుదకామె పరిత్యాగమునకు నెపమైనది. అడవిని చూడవలెనను వేడుకతో, ముందుగా వ్యయము లెక్కించుకొని, తిరిగి వచ్చు దినము నిశ్చయించుకొని పోయిన యిల్లాలిని నేను చదివిన గ్రంథములందు కానలేదు. అట్టి వేడుక మా వాడకట్టులో నలుగురకు కలిగినది. మేమెట్లు సన్నాహము చేసికొనుచున్నామో తెలిపినచో మీలో కొందఱకైన నుపకరించునని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మాది నిజామాబాదు జిల్లా ఆర్మూరు. నల్లని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు సిద్ధులగుట్ట మా యూరికి గుఱుతు. చుట్టును పసుపు చేలు. మృగశిర కార్తెలో నాటిన విత్తు తొమ్మిది నెలలు భూగర్భమున పెరుగును గావున, మా ప్రాంతపు స్త్రీలు దీనిని బిడ్డను మోసినట్లు మోయు పంట యందురు. మాఘ ఫాల్గుణములలో త్రవ్వి, ఉడికించి, యెండబెట్టి, మెఱుగుపెట్టి, కాడి వేఱు గోల వేఱుగా నేఱి నిజామాబాదు మార్కెట్టునకు పంపుదురు. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము నిజామాబాదులోనే నెలకొనినది. ఆ పసుపు పోని దేశము లేదు. దానిని కలుపు తీసి, కాడలు త్రుంచి, చేతులు పచ్చనగునంతవఱకు నేఱిన స్త్రీలలో ననేకులు మాత్రము మా యూరికి ఒక పూట దూరమున నున్న గోదావరి వంతెన దాటి యెఱుగరు.

మా ప్రక్కయింటి వదినె యట్టివారిలో నొకరు. ఆమె భర్త గల్ఫు దేశమునకు పోయి పదునెనిమిదేండ్లైనది. రెండేండ్ల కొకమాఱు వచ్చి రెండు నెలలుండి పోవును. ఈ పదునెనిమిదేండ్లును చేను, ఇల్లు, అప్పు, బిడ్డ చదువు ఆమెయే చూచుకొనినది. ఆ బిడ్డకు రాబోవు మాఘములో వివాహము. “దాని పెండ్లి కాకముందు ఒక్కసారి తల్లీబిడ్డలము కలిసి యాడికన్న పోయి రావలె” నని యామె కోరిక. మా యత్తగారికి అఱువదియెనిమిదేండ్లు. ఈ మాట చెవిని బడగానే “గోదారి అవతల ఏమున్నదో సూడకనే పోతనా బిడ్డా? నన్ను సుత తీస్కపోండ్రి” అనిరి. నాతో కలిసి నలుగురమైతిమి.

వదినె ఫోనులో ఈ సంగతి చెప్పగా, ఆమె భర్త వలదనలేదు, సరే యనలేదు. మూడు ప్రశ్నలడిగెను. బండి యెవరు నడుపుదురు? రాత్రు లెక్కడ పండుకొందురు? పసుపునకు నీళ్లెవరు పెట్టుదురు? ఇవి వినినప్పుడు వదినెకు కొంత కష్టము తోచినది. ఆయన సముద్రము దాటినప్పుడు ఈమె యొక్క ప్రశ్నయు నడిగియుండలేదు. అయినను ఈ మూడును ఏ యింటనైన నడుగదగిన ప్రశ్నలే యనియు, ఉత్తరములు మనయొద్ద సిద్ధముగా నున్నచో నడిగినవారికి మాఱుమాట యుండదనియు నేనంటిని. ఆ యుత్తరములే మా ప్రయాణప్రణాళిక యైనవి.

మొదట కాలనిర్ణయము. వానకాలమున జలపాతములు నిండుగా నుండును గాని బాటలు జారును, వాగులు పొంగును. 2022 జూలైలో కడెం జలాశయమునకు వచ్చిన వఱదకు ఆనకట్టయే ప్రమాదములో పడినది. పులుల యభయారణ్యములలో లోపలి భాగములు వానకాలమున సందర్శకులకు మూసివేయుదురు. ఎండకాలమున టేకు చెట్లు ఆకు రాల్చి యడవి బోసిపోవును, దాహము మిక్కుటము. కావున ఆశ్వయుజమే తగిన కాలమని నిశ్చయించితిమి. సద్దుల బతుకమ్మ ముగిసి, దసరా దాటి, పూర్ణిమ గడచిన పిమ్మట నాలుగు దినములు. అప్పటికి జలము తేటపడును, పచ్చదనము తగ్గదు. గోండుల దండారి పండుగయు నప్పుడే మొదలై దీపావళి వఱకు సాగును.

ఇక మార్గము. మా యూరి మీదుగా శ్రీనగరునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి యున్నది. దానివెంట నుత్తరముగా పోయి, 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరము నొక ప్రక్క నుంచి, సోన్ వంతెనమీద గోదావరి దాటి నిర్మల్ చేరవలెను. అచ్చట పునికి కఱ్ఱతో బొమ్మలు చేయువారి పని చూచి, ఘాటు రోడ్డెక్కి నేరడిగొండ వైపు సాగుదుము. మొదటి దినమున పొచ్చెర, కుంటాల జలపాతములు. రెండవ దినమున గుడిహత్నూరు, ఇంద్రవెల్లి, కేస్లాపూరు. మూడవ దినమున ఉట్నూరు మీదుగా జైనూరు, మార్లవాయి చూచి, జన్నారము చేరుట. నాలుగవ దినమున ప్రాతఃకాలమున అటవీశాఖవారి బండిలో కవ్వాల అడవి చూచి, కడెము, ఖానాపూరు, నిర్మల్ మీదుగా చీకటి పడకముందే యిల్లు చేరుట.

కుంటాల కడెం నదిమీది జలపాతము. సుమారు 147 అడుగుల యెత్తునుండి నీరు మెట్లు మెట్లుగా దిగును. శకుంతల పేరిటనే యీ తావునకా పేరు వచ్చినదని స్థానికులందురు. కణ్వాశ్రమము మాలినీ తీరమున హిమవంతము చెంత నున్నట్లు కవులు వర్ణించిరి గావున, గ్రంథప్రమాణముచే దీనిని స్థాపించుట కష్టము. అయినను తన యడవిలో నొక కణ్వాశ్రమమున్నదని తలచుకొను జనుల ముచ్చటను కాదననేల? ఇచ్చట తెలిసికొనవలసినది వేఱొకటి కలదు. జలపాతము క్రింది గుండములు మిక్కిలి లోతు. పైకి నిశ్చలముగా కనబడుచు లోపల సుడి తిరుగును. ఈతగాండ్రే యనేకు లచ్చట ప్రాణములు కోల్పోయిరి. కావున నీటిలో కాలు పెట్టరాదను నియమము మాలో ముందే చేసికొంటిమి. క్రిందికి దిగుటకు నాలుగు వందల మెట్లున్నవి. అత్తగారు పైనుండియే చూతురు, ఆమెతో నొకరు తప్పక నుందురు. ఆమె మోకాళ్లకు పొచ్చెర సులువు. అది వెడల్పైన రాతిపై పఱచుకొని దుముకు జలపాతము. అచ్చటను గుండము లోతే యని మఱవరాదు.

కవ్వాల 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల రక్షితారణ్యముగను ప్రకటింపబడినది. దాని లోపలి భాగమే సుమారు 893 చదరపు కిలోమీటర్లు. అది టేకునకు పేరొందిన యడవి. మహారాష్ట్రములోని తాడోబా నుండి పులులు ఈ వైపునకు నడచి వచ్చుచుండును. పులి కనబడునని నేనెవరికిని ఆశ పెట్టలేదు. దుప్పి, కణితి, అడవిదున్న కనబడిన చాలును. ఏదియు కనబడకున్నను, పసుపు చేను తప్ప వేఱు పచ్చదన మెఱుగని కన్నులకు టేకుటాకులే యొక వింత.

ఇంతవఱకు నడవి యంటిని. ఐనచో ఇది యెవరి యడవి? మనకది నిర్జనారణ్యము. గోండు, కోలాము, తోటి, పరధాను స్త్రీలకది పెరడు. మనము వంటకు కరివేపాకు కోసికొన్నట్లు వారు ఇప్పపూవు నేరుకొందురు. కేస్లాపూరులో పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర జరుగును. దానికొఱకు మెస్రం వంశీయులు జన్నారము చెంత గోదావరిలోని హస్తినమడుగునుండి పవిత్రజలమును కాలినడకన తెత్తురు. ఆ జాతరలో వంశపు క్రొత్త కోడండ్రను దేవునికి పరిచయము చేయు ఆచారము కలదు. మనము నాలుగు దినములు బండిలో పోవుటకు పది నెలలు ఆలోచించితిమి. వారు ప్రతి సంవత్సరము ఆ యడవినే నడచి దాటుదురు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20వ తేదీన భూమి హక్కుల కొఱకు చేరిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు కోల్పోయినవారి స్మారకస్తూప మచ్చట నున్నది. దాని ముందు నిలువక జలపాతములు మాత్రమే చూచి వచ్చుట నాకు న్యాయముగా తోచలేదు.

మార్లవాయికి పోవుటకును కారణము కలదు. 1940లో కుమ్రం భీము జోడేఘాటు చెంత నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిగతులు పరిశీలించుటకు హైమండార్ఫు అను మానవశాస్త్రవేత్త యీ ప్రాంతమునకు వచ్చెను. ఆయనతో భార్య బెట్టీయు వచ్చినది. వారు మార్లవాయిలో నివసించిరి. గోండు బాలురకు గోండీ భాషలో చదువు చెప్పుటకు ఉపాధ్యాయులను తీర్చిదిద్దు కేంద్ర మచ్చటనే వెలసినది. బెట్టీ 1987లో కాలము చేయగా ఆమె సమాధిని ఆ యూరిలోనే కట్టిరి. 1995లో మరణించిన భర్త అస్థికలను 2012లో ఆమె ప్రక్కనే యుంచిరి. ఎక్కడనో పుట్టిన యొక స్త్రీ యడవిపల్లెను తన యూరుగా తలచుకొనినది, పల్లెవారును ఆమెను తమదానిగానే యుంచుకొనిరి. గుస్సాడి నృత్యమునకు 2021లో పద్మశ్రీ పొంది, 2024లో పరమపదించిన కనకరాజుగారిదియు ఈ యూరే. దండారి దినములలో నెమలియీకల కిరీటము ధరించువారు దీక్షలో నుందురు. అది మన వినోదమునకై యాడు ఆట కాదు. వారు పిలిచిన నిలిచి చూడవలెను, అడుగక ఛాయాచిత్రము తీయరాదు, పిల్లల చేతులలో డబ్బు పెట్టరాదు. మేము వట్టిచేతులతో పోక, మా చేతులతో నేఱిన పసుపు తలా యొక మూట తీసికొని పోవుదుము. ఇల్లాలు ఇల్లాలికి ఇచ్చు వస్తువులలో పసుపు కంటె తగినది లేదు.

ఇప్పుడు మూడు ప్రశ్నల కుత్తరములు. బండి నడుపువాడు మా వీథివాడే. ఇరువదియేండ్లుగా ఆ బాటలెఱిగినవాడు. చీకటి పడిన పిమ్మట ఘాటులందు గాని యడవిలో గాని ప్రయాణము చేయరాదని ముందే మాట తీసికొంటిమి. రాత్రులలో రెండు, ఇచ్చోడలోను ఉట్నూరులోను, మావారి స్నేహితులైన ఉపాధ్యాయుల యిండ్ల గడచును. మూడవ రాత్రికి జన్నారములో బస ముందే కుదుర్చుకొనవలెను. అడవిలో ఫోను పలుకుట నమ్మరాదు గావున, ప్రతి దినమును ఏ వేళ కెచ్చట నుందుమో వ్రాసిన కాగిత మొకటి మావారి కిచ్చి పోవుదుము. పసుపు నీళ్లకు వదినె గట్టు ప్రక్క రైతుతో వంతు మార్చుకొనినది. ఆ నాలుగు దినములు అతడు తడుపును, అతడు కూతురింటికి పోవునప్పుడు ఈమె తడుపును. మా పిల్లల వంట మావారిది. అన్నము వండుట, పప్పు పోపు పెట్టుట భాద్రపదమునుండియే అభ్యసించుచున్నారు. పప్పు బాగుగనే కుదురుచున్నది.

వ్యయము తలా నెలకు 400 రూపాయల చొప్పున పది నెలలు కూడబెట్టితిమి. మొత్తము 16,000. అందు సగమునకు పైగా బండికి, మిగిలినది బసకు, ప్రవేశ రుసుములకు, కొంత ఆపద సొమ్ము. తిండి యింటినుండియే. జొన్నరొట్టెలు, నువ్వులపొడి, పులిహోర, మలీద ముద్దలు. తోలు చెప్పులకు మాఱుగా బిగువుగా నుండు బూట్లు, పాలిపోయిన రంగుల నూలుబట్టలు, దోమతెరలు, చేతిదీపము, జ్వరమునకు నొప్పులకు మందులు, నెలసరికి కావలసినవి, అత్తగారి రక్తపోటు మాత్రలు రెండు మూటలుగా వేర్వేఱు సంచులలో. పాము కఱచినచో నాటుమందని జాగు చేయక, కదలనీయక ఆసుపత్రికి కొనిపోవలెనని నలుగురము తెలిసికొంటిమి. తీసికొనిపోయిన ప్లాస్టిక్కు సంచి యొక్కటియు నడవిలో విడువక తిరిగి తేవలెను.

ఈ యుత్తరము లన్నియు వదినె యొక కాగితమున వ్రాయించి, ఫోనులో భర్తకు చదివి వినిపించినది. ఆయన కొంతసేపు మాటాడక, “నేను వచ్చినప్పుడు నన్ను సుత తీస్కపో” అనెనట. ఆ దినమున వదినె ముఖమునందలి కాంతిని నేను వర్ణింపజాలను.

సోదరులారా, సోదరీమణులారా! మీ యూరికిని ఒక పూట దూరమున గుట్టయో, వాగో, అడవియో యుండును. మీ యింటను ఈ మూడు ప్రశ్న లడుగుదురు. అడిగినవారిపై నలుగక, కాగితము కలము తీసికొని యుత్తరములు వ్రాయుడు. తోడు నలుగురిని కూర్చుకొనుడు, వారిలో నొకరు పెద్దవారుగను, ఒకరు చిన్నవారుగను ఉండునట్లు చూచుకొనుడు. నెలకు నాలుగు వందలు కాకున్న రెండు వందలు దాచుడు. దినము నిశ్చయించి, దానిని గోడ క్యాలెండరులో నందఱకు కనబడునట్లు గుఱుతు పెట్టుడు. మా యింటి క్యాలెండరులో ఆ గుఱుతు పెట్టినది మా యత్తగారు. వేలితో పసుపు అద్ది పెట్టిరి.