ఎవరి గొంతు?

పదేళ్ళు ఆండ్రాయిడ్ వాడి మొన్న ఐఫోన్‌కి మారాను. షాపులో కుర్రాడు ఫొటోలు, నంబర్లు అందులోకి పంపుతూ "వాట్సప్ కూడా పంపనా మేడమ్?" అన్నాడు. వద్దులే అన్నాను. గుడ్‌మార్నింగ్ బొమ్మలేగా!

రాత్రికి గుర్తొచ్చింది. నాలుగేళ్ళుగా అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అక్కడే ఉన్నాయి. ఏడో తరగతిలో చదువు మాన్పించేసిన అమ్మ, నాన్న నిద్రపోయాక గొంతు తగ్గించి చెప్పుకున్న మాటలు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు, అది ఐక్లౌడ్‌లోనే వెతుకుతుంది. పోనీ ఫైళ్ళు కాపీ చేసుకుందామని పాత ఫోన్‌లో ఫోల్డర్ తెరిస్తే పిటిటి అనే మూడక్షరాలు, తేదీ, ఒక నంబరు. ఎవరు మాట్లాడారో, నేనడిగిన ఏ ప్రశ్నకి జవాబో ఎక్కడా లేదు.

నా సిద్ధాంత గ్రంథంలో ఎన్ని స్త్రీల పాటల కింద 'అజ్ఞాత' అని రాశానో! ఎంత తేలిగ్గా రాశానో!

2022 నుంచి 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వాట్సప్ సంభాషణల్ని కూడా తెస్తోంది. అయితే ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా అన్నీ చెరిపేసి మొదట్నుంచీ మొదలెట్టాలి. చెరిపేశాను. రెండు ఫోన్లనీ చార్జింగుకి పెట్టి పక్కనే కూర్చున్నాను.

తెల్లవారుజామున అన్నిటికన్నా పాత మెసేజ్ నొక్కాను. "పడుకున్నావామ్మా? నాన్న ఇప్పుడే పడుకున్నారు..."