రెండు నెలల్లో ఏం వెతకాలి?

భూపాలపల్లి మెడికల్ కాలేజీలో సెకండియర్ చదువుతున్న మా మేనకోడలు రాత్రి ఫోన్ చేసింది. "మామా, ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్‌కు అప్లై చేద్దామనుకుంటున్న. హైదరాబాద్‌ల పెద్ద ల్యాబ్‌ల చేస్తేనే విలువ అంటున్నరు. నిజమేనా?"

నాకు మనసున పట్టలేదు. ఎంబీబీఎస్ పిల్లలకు పరిశోధన రుచి చూపించాలనే కదా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లో ఈ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ (ఎస్‌టీఎస్) పథకం పెట్టింది. ఉండేది రెండు నెలలు. ఒక గైడ్, ఎథిక్స్ కమిటీ అనుమతి, చివర్లో రిపోర్టు. ఆ కొద్ది రోజుల్లో ఖరీదైన మెషీన్ పక్కన నిలబడి చూడడం కన్నా, చిన్నదైనా తన సొంత ప్రశ్న పట్టుకోవడమే మేలని నా గట్టి నమ్మకం.

మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో కాలేజీలు వచ్చాయి. కొత్తవే, కానీ ప్రశ్నలకేం కొదవ? మానుకోట మిర్చి చేలల్లో మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టే రైతులున్నారు. జనగామ ఆసుపత్రికొచ్చే గర్భిణుల్లో రక్తం ఎందరికి తక్కువుందో లెక్క తీయొచ్చు. భూపాలపల్లిలోనైతే సింగరేణి బొగ్గు బాయిలు ఉండనే ఉన్నాయి.

"మీ ఎదురింటి తాత బాయిల పనిచేసి దిగిపోయిండు కదా. రాత్రిళ్లు రెండు మెత్తలేసుకొని కూసునే నిద్రపోతడు. ఎందుకో ఎప్పుడన్న అడిగినవా బిడ్డా?" అన్నాను.

తను కాసేపు మాట్లాడలేదు.

పొద్దున మెసేజ్ వచ్చింది: "అడిగిన మామా. దగ్గు ఎప్పుడు మొదలైందో తాతకే యాది లేదట. రేపు మా కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్‌ను కలుస్తున్న."