అమృత్‌సర్‌లో రెండు రోజులు

అమృత్‌సర్ నుంచి సరిహద్దు సుమారు 30 కిలోమీటర్లు. అది దాటి మరో పాతిక పోతే లాహోరు. 1947కు ముందు ఈ రెండూ ఇరుగుపొరుగు ఊళ్ళు. ఇప్పుడు ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది అటారీ కవాతు చూసే తొందరలో ఊరిని సగంలోనే వదిలేస్తారు. మీరలా చేయకండి.

ముందు తెల్లవారుజామునే స్వర్ణమందిరానికి వెళ్ళండి. ఆడవాళ్ళకు పైటచెంగు చాలు గాని, మగవాళ్ళు తలకు రుమాలు కట్టుకోవాలి. మన గుళ్ళకు మెట్లెక్కి వెళతాం; ఇక్కడ మెట్లు దిగాలి. లంగరులో అందరూ ఒకే పంక్తిన నేలమీదే కూర్చోవాలి. రొట్టెను దోసిలి పట్టి అందుకోవాలి. మా ఆవిడ వంటశాలలో ఆడవాళ్ళ సరసన కూర్చుని అరగంటసేపు రొట్టెలు వత్తింది. ఏ ఊరు, ఎవరు అని ఒక్కరూ అడగలేదు!

దగ్గరలోనే జలియన్‌వాలా బాగ్. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ సైనికులు 1650 గుండ్లు పేల్చిన చోటు. గోడల్లో ఆ గుంటలు కనిపిస్తాయి. లోపలికి వెళ్ళే ఇరుకు సందును 2021లో శిల్పాలతో అలంకరించారు. ఒట్టి గోడలే ఉంచితే బాగుండేదని నాకనిపించింది.

అక్కణ్ణుంచి పాత టౌన్‌హాలుకు నడిచి వెళ్ళవచ్చు. దేశవిభజన ప్రదర్శనశాలను 2017లో ఇందులో నెలకొల్పారు. తాళంచెవులు, ఉత్తరాలు, వంటపాత్రలు... అన్నీ మన ఇళ్ళల్లో ఉండేవాటి వంటివే. పువ్వులల్లిన ఫుల్కారీ కోటు ఒకటి, తోలుపెట్టె ఒకటి పక్కపక్కన ఉన్నాయి. పెళ్ళి నిశ్చయమైన ఒక జంటవి అవి. 1947 అల్లర్లలో చెరొక దారిన ప్రాణాలు దక్కించుకుని, అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో మళ్ళీ కలుసుకున్నారట. మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నారు. ఆ రెండు వస్తువుల ముందు మేము నిలబడినంతసేపు ఇంకెక్కడా నిలబడలేదు.

ఇది చూశాకే అటారీ వెళ్ళండి. 1959 నుంచి సాయంవేళ రెండు దేశాల జెండాలనూ ఒక్కసారే దింపుతూ వచ్చారు. సైనికుల కాలి విసురు, జనం కేకలు చూసి పిల్లలకు సంబరమే. అయితే 2025 మే నెలలో కవాతు తిరిగి మొదలైనప్పుడు గేట్లు తెరవలేదు; సైనికులు చేతులు కలుపుకోలేదు.

బజారులో మినప్పప్పు వడియాలు కొనడం మరిచిపోకండి. మన వడియాలకు పెద్దన్నలు! మిరియాల ఘాటు జాస్తి. చితగ్గొట్టి, నూనెలో వేయించి, బంగాళాదుంప కూరలో ఉడకనివ్వాలి. నలుగురి కూరకు ఒకటి వేసి చూడండి. రెండోది ధైర్యాన్ని బట్టి.