ఒపెరా పుట్టిన ఇల్లు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం చూడ్డానికి వెళ్లినవాళ్లు వయా టోర్నాబుయోని వీధిలో ఒక్కసారైనా నడుస్తారు. అంతా ఖరీదైన దుకాణాలే. చెప్పులు, చేతిసంచులు, నగలు.. అద్దాల్లోంచి చూసి ముందుకు సాగిపోవడమే! ఆ సందడిలో చాలామంది తలెత్తి చూడని పాత రాతి భవనం ఒకటుంది. పేరు పలాజ్జో కోర్సి. తొలి ఒపెరా పుట్టిన ఇల్లేదని అడిగితే దీన్నే చూపిస్తారు.

ఇంటి యజమాని యాకోపో కోర్సి. 1561లో పుట్టాడు. కలిగిన వర్తక కుటుంబం. డబ్బుకు లోటు లేదు, సంగీతమంటే ప్రాణం. అంతకుముందు ఊళ్లోని సంగీతకారులూ పండితులూ బార్డి అనే ప్రభువు ఇంట్లో చేరేవారు. శాస్త్రవేత్త గెలీలియో తండ్రి కూడా వారిలో ఒకడు. ప్రాచీన గ్రీకులు నాటకాన్ని ఎలా పాడేవారన్నది వాళ్ల చర్చ. 1592లో బార్డి రోమ్‌కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కళాకారులకు కోర్సి ఇల్లే కూడలి అయింది.

కవి రినూచీని కథ రాశాడు. అపోలో దేవుడు వెంటపడితే డాఫ్నె అనే వనకన్య చెట్టుగా మారిపోయే గాథ అది. ముందు కోర్సీయే కొన్ని పాటలకు బాణీ కట్టాడు. మిగతాది గాయకుడు యాకోపో పెరికి అప్పగించాడు. యక్షగానాలు ఎరిగిన మనకు కథంతా పాటలో నడవడం వింత కాదు. వాళ్లకు మాత్రం అది కొత్త! 1598 కార్నివాల్ రోజుల్లో 'డాఫ్నె'ని ప్రదర్శించారు. పాత కాగితాల్లో 1597 అని ఉంటుంది. అప్పట్లో ఫ్లోరెన్స్‌కి కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది మరి.

విచారమేమిటంటే, ఆ ఒపెరా సంగీతం దాదాపు అంతా పోయింది. మిగిలినవి ఆరు ముక్కలే. వాటిలో రెండు కోర్సి కట్టినవి. ఖర్చు భరించిన ఆసామి పాటలు అలా బతికిపోయాయి!

అదే వీధిలో నేరుగా నడిస్తే ఆర్నో నది, దాని మీద సాంతా ట్రినిటా వంతెన వస్తాయి. 1944లో జర్మన్ సేనలు పేల్చేసిన ఈ వంతెనను, నదిలోంచి తీసిన పాత రాళ్లు కూడా వాడి మళ్లీ కట్టారు. అవతలి ఒడ్డున కాస్త దూరంలో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పిట్టి ప్యాలెస్.

1600 అక్టోబరు 5న మారియా డి మెడిచికి ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీతో పెళ్లి. పెళ్లికొడుకు రానేలేదు! ఆయన బదులు పెళ్లికూతురి చిన్నాన్నే నిలబడ్డాడు. మర్నాడు పిట్టిలో కోర్సి తన ఖర్చుతో 'యూరిడిచె' ఒపెరా ఆడించాడు. ఓర్ఫియస్‌గా పెరి పాడాడు. అసలు గాథలో ఓర్ఫియస్ భార్యను పోగొట్టుకుంటాడు. పెళ్లింట అపశకునం ఎందుకని ఇందులో ఆమెను బతికించి తెచ్చారు. కచ్చీనీ అనే మరో సంగీతకారుడు, తన శిష్యులు తన బాణీలే పాడాలని పట్టుబట్టాడు. దాంతో కొన్ని పాటలు మార్చక తప్పలేదు. పెరికంటే ముందే తన 'యూరిడిచె'ని అచ్చు వేయించుకున్నాడు కూడా. ఈ గొడవల మధ్య కోర్సి మాత్రం ఎవరికీ కనపడకుండా, తెర వెనక హార్ప్సికార్డ్ వాయిస్తూ కూర్చున్నాడు.

రెండేళ్లకే, 1602 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. వయసు 41. మాంటోవా నగరంలో మోంటెవెర్ది 'ఓర్ఫెయో' ప్రదర్శించేనాటికి ఆయన పోయి నాలుగేళ్లు దాటింది. కోర్సి పాటలు రెండూ రాసి ఉన్న ప్రతి ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో లేదు, బెల్జియంలోని బ్రసెల్స్‌లో ఉంది.