తెర వెనక కాదు... మీ వెనక!

సికింద్రాబాద్‌లో సిటీ బస్సెక్కి "ప్యారడైజ్ ఒకటి" అని చూడండి. కండక్టర్ మారు మాట లేకుండా టికెట్ యిచ్చేస్తాడు. ప్యారడైజ్ అంటే స్వర్గమని మీకు తెలుసు. బిరియాని అని యింకా బాగా తెలుసు! కానీ అది ఒక సినిమా హాలు పేరని మీలో యెందరికి తెలుసు? 1953లో ఆ హాలు ఆవరణలో చిన్న కేఫ్‌గా మొదలైనదే యీనాటి హోటలు. హాలు పోయింది. దాని పేరు హోటలుకి మిగిలింది, చౌరస్తాకి మిగిలింది, 2017లో వచ్చిన మెట్రో స్టేషన్‌కీ మిగిలింది.

యిదొక్కటే కాదు. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే సంగీత్ చౌరస్తా వుంది. 70 యం.యం. తెర మీద ఇంగ్లీషు చిత్రం చూడాలంటే ఒకప్పుడు జంటనగరాల కుర్రకారుకి సంగీత్ ఒక తీర్థం. ఆ హాలూ యిప్పుడు లేదు. ఆటోవాళ్ళ నోట్లో పేరు మాత్రం పదిలంగా వుంది. పరేడ్ గ్రౌండ్ వైపు వెళ్ళారా... ప్లాజా, టివోలి! అవీ సినిమా హాళ్ళు యిచ్చిన పేర్లే. సికింద్రాబాద్‌లో దారి అడిగితే సగం సినిమా పేజీ చదివినట్టుంటుంది.

హాళ్ళ పేర్లు సరే. మరి ఆ హాళ్ళలో బొమ్మ ఆడించిన వాళ్ళ సంగతేమిటి? ఆ ప్రశ్న పట్టుకుని నేను మోండా మార్కెట్ దాకా వెళ్ళాను. అక్కడ ఒక యిరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నారు ఒక పెద్దాయన. వయసు డెబ్బై దాటింది. పేరు రాయొద్దన్నారు. "పేరుతోని ఏం పని తమ్మీ! నలభై ఏండ్లు క్యాబిన్ల ఉన్నప్పుడే ఎవ్వరూ అడగలే" అని నవ్వారు.

ఆయన మొదట హాల్లో చేరింది రీళ్ళు వెనక్కి చుట్టే కుర్రాడిగా. తర్వాత అసిస్టెంట్. తర్వాత ప్రభుత్వ పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్. చివరి పదిహేనేళ్ళు మేనేజరు. ఈ మెట్లన్నీ ఒక్క హాల్లోనే యెక్కారు.

ఆపరేటర్ పనంటే మిషను ఆన్ చేసి బీడీ కాల్చుకోవడం అనుకునేరు! లెక్క వినండి. ఫిల్ము సెకనుకి 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. 2,000 అడుగుల చుట్ట 22 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల చిత్రమంటే యిలాంటివి ఏడు చుట్టలు. అందుకే క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు. ఒకటి ఆడుతుంటే రెండోది సిద్ధంగా వుండాలి. తెర మీద కుడివైపు పై మూల ఒక చుక్క మెరుస్తుంది. అది చూడగానే రెండో మిషను మోటారు తిప్పాలి. యించుమించు ఏడు సెకన్లకి యింకో చుక్క. అప్పుడే వెలుగు అటు మార్చాలి. ఆ చుక్క తెర మీద వుండేది రెప్పపాటు కన్నా తక్కువ! రోజుకి నాలుగాటలు, యిరవై పైచిలుకు మార్పిళ్ళు. కింద కూర్చున్న మీకు ఒక్కటీ తెలియకూడదు. తెలిస్తే ఆపరేటర్ ఓడిపోయినట్టే.

వెలుగు కథ యింకా కష్టం. బల్బులు కావవి, కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల కొసల మధ్య కరెంటు మండుతూ వెలుగిస్తుంది. కడ్డీలు కరిగిన కొద్దీ దగ్గరికి జరుపుతూ వుండాలి. ఆదమరిస్తే కథానాయిక ముఖం పచ్చబడుతుంది, తెర మసకేస్తుంది, హాలంతా ఈలలు!

"హీరో పాట బాగుంటే చప్పట్లు హీరోకి. బొమ్మ ఆగితే తిట్లు మాకు. మా అమ్మను, అక్కను ఎన్నిసార్లు యాది చేసిండ్రో లెక్కలేదు" అన్నారాయన. కోపమేమీ లేదు ఆ మాటలో. కాస్త గర్వం కూడా వుంది. తిట్టేవాళ్ళకి కూడా పైన ఒక మనిషి వున్నాడని తెలుసు కదా!

మేనేజరయ్యాక తిప్పలు వేరు. ప్రతి ఆటకీ టికెట్ల లెక్క, రోజువారీ కలెక్షన్ రిపోర్టు, డిస్ట్రిబ్యూటర్ మనిషి తనిఖీ, పన్నుల వాళ్ళ తనిఖీ. కొత్త చిత్రం రోజు గేటు విరగకుండా చూడాలి. చిల్లర విసిరే అభిమానుల నుంచి తెరని కాపాడాలి. జనం తగ్గితే ఆ చిత్రాన్ని యెత్తేయాలని ముందు తెలిసేదీ ఆయనకే. "శుక్రవారం మ్యాట్నీకి టికెట్ కిటికీ కాడ నిలబడితే చాలు, సినిమా ఎన్ని వారాలో చెప్తుంటి" అంటారు.

ఈ ఊరికి ఆపరేటర్లతో పాత చుట్టరికమే వుంది. 1934లో తిరుమలగిరిలో పుట్టిన శ్యాం బెనెగళ్ కంటోన్మెంట్‌లోని గారిసన్ సినిమాలో చిత్రాలు చూస్తూ పెరిగారు. ఆ కుర్రాడే 1974లో 'అంకుర్' తీశాడు. గారిసన్‌లో ఆ బొమ్మలు వేసిన చేతులెవరివో యే సినిమా చరిత్రా చెప్పదు.

ఎక్కడో ఇటలీలో మాత్రం 1988లో 'సినిమా పారడీసో' అని ఒక ఆపరేటర్ కథనే చిత్రంగా తీశారు. అందులో ముసలి ఆపరేటర్ ఫిల్ము అంటుకుని కళ్ళు పోగొట్టుకుంటాడు. పాతకాలపు నైట్రేట్ ఫిల్ము అంత ప్రమాదం మరి! ఆస్కార్ కూడా వచ్చింది దానికి. మన దేశంలో 2021లో గుజరాతీలో 'ఛెల్లో షో' వచ్చింది. అందులో ప్రొజెక్టర్లు కరిగించి చెంచాలు, ఫిల్ము కరిగించి గాజులు చేస్తారు. ఆ మాట చెబితే పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టేశారు.

"మా మిషన్లను కూడా తూకానికే అమ్మిండ్రు" అన్నారు నెమ్మదిగా.

ముందు కార్బన్ పోయి జెనాన్ దీపం వచ్చింది. మంచిదే, కళ్ళకి సుఖం. తర్వాత రీళ్ళే పోయాయి. 2010 దాటాక కొద్దికాలంలోనే ఫిల్ము బాక్సుల స్థానంలో శాటిలైట్, హార్డ్ డిస్క్ వచ్చి కూర్చున్నాయి. అతుకుల్లేవు, గీతల్లేవు, చుక్కల్లేవు. ఊరూరా ఒకే రోజు చిత్రం విడుదల! ప్రేక్షకుడికి లాభమే, కాదనలేం. అయితే ఒక మనిషి నలభై యేళ్ళు నేర్చుకున్న విద్య ఒక్క సీజన్‌లో పనికిరాకుండా పోయింది. ఆ లైసెన్సు కాగితం యింకా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, జేబులో వేసుకు తిరుగుతున్నారాయన.

ఈమధ్య మనవడు ఆయన్ని ఒక మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్ళాడట. బొమ్మ మసగ్గా వుంది. అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చూశారు. తర్వాత లేచి బయటికి వెళ్ళి అక్కడి కుర్రాడికి చెప్పారు. "కంప్లైంట్ రాసుకున్నాం సార్" అన్నాడు ఆ అబ్బాయి. "మరి క్యాబిన్ల ఎవరున్నరు?" అని అడిగితే, "ఎవరూ వుండరు సార్, అంతా ఆటోమేటిక్" అని జవాబు.

అంటే యిప్పుడు బొమ్మ ఆగినా, మసకేసినా మీరు ఈల వేసి ప్రయోజనం లేదన్నమాట. పైన వినేవాడు లేడు!